నీటిని కొలిచిన మూడు తరాలు

సైబీరియాలోని బైకాల్ సరస్సులో ఒడ్డుకు దాదాపు మూడు కిలోమీటర్ల దూరాన ఒక చోటు ఉంది. ఇర్కుట్‌స్క్ విశ్వవిద్యాలయానికి చెందిన మిఖాయిల్ కొజొవ్ 1945లో అక్కడి నీటిని పరీక్షించడం మొదలుపెట్టారు. వారం పది రోజులకోసారి అదే చోటుకు వెళ్లడం, వేడి ఎంతుందో చూడడం, తెల్లటి పళ్లాన్ని నీళ్లలోకి దించి ఎంత లోతు వరకు కనిపిస్తుందో రాసుకోవడం, సన్నటి వలతో సూక్ష్మజీవులను పట్టి లెక్కించడం. ఇదీ పని. వేసవిలో పడవ మీద, చలికాలంలో మంచుకు రంధ్రం తొలిచి. ఆయన 1968లో కన్నుమూశాక కుమార్తె ఓల్గా, ఆమె తర్వాత మనుమరాలు ల్యుబోవ్ ఇజ్మెస్త్యేవా ఆ పనిని అందుకున్నారు.

అంత ఓపికకు తగిన సరస్సే అది. వయసు సుమారు రెండున్నర కోట్ల ఏళ్లు. లోతు 1,642 మీటర్లు. 22 కుతుబ్ మినార్‌లను ఒకదానిపై ఒకటి నిలబెట్టినా పైకి కనిపించవు. నేలమీద గడ్డకట్టకుండా ఉన్న మంచినీటిలో ఐదో వంతు ఇక్కడే ఉంది. అట్టడుగు దాకా ప్రాణవాయువు అందుతుంది కాబట్టి అక్కడా జీవులున్నాయి.

ఈ నీటిని శుభ్రంగా ఉంచడంలో పెద్ద పాత్ర ఎపిషురా అనే ఒకటిన్నర మిల్లీమీటర్ల జీవిది. నీటిని వడగట్టి నాచు కణాలను తినడమే దాని బతుకు. దాన్ని చేపలు తింటాయి. గొలొమ్యాంకా అనే పారదర్శకమైన కొవ్వు చేపను నెర్పా తింటుంది. మంచినీటిలోనే బతికే ఈ సీల్ పిల్లలను కనేది మంచు మీదే. ఎపిషురాకు చల్లటి నీరు కావాలి, నెర్పాకు మంచు కావాలి.

ఆ చలే తగ్గుతోంది. 1946 నుంచి పైనీటి ఉష్ణోగ్రత 1.21 డిగ్రీలు పెరిగిందని ఇజ్మెస్త్యేవా, అమెరికా శాస్త్రవేత్తలు కలిసి 2008లో వెల్లడించారు. అంత పెద్ద సరస్సు అంత తొందరగా వేడెక్కదని అప్పటిదాకా చాలామంది నమ్మకం. తాతగారి పుస్తకాల్లో అంకెలు లేకపోతే పోల్చి చూడడానికి ఏమీ ఉండేది కాదు.

ఒడ్డున 1966లో మొదలైన కాగితపు గుజ్జు మిల్లు 2013లో మూతపడింది. కానీ బెడద తీరలేదు. ఊళ్ల నుంచి, పర్యాటకుల బసల నుంచి వచ్చే మురుగు కలిసిన చోట తీరం వెంట స్పైరోగైరా నాచు పరుచుకుంటోంది. అడుగున చెట్ల కొమ్మల్లా పెరిగే పచ్చటి స్పంజికలు జబ్బుపడుతున్నాయి. ఒమూల్ చేపలు తగ్గిపోవడంతో 2017లో వాటి వాణిజ్య వేటను నిషేధించారు.

నడిమధ్య నీరు మాత్రం ఇంకా తేటగానే ఉంది. అదే మోసం చేసేది. బైకాల్‌లో 300కు పైగా నదులు కలుస్తాయి, బయటికి వెళ్లేది ఒక్క అంగారా. లోపలికి చేరిన నీరు తిరిగి బయటపడడానికి సగటున మూడు వందల ఏళ్లకు పైగా పడుతుంది. తెల్ల పళ్లెం కనిపించడం మానేశాక మేలుకుంటే, ఆ నీరు మారేసరికి మూడు తరాలు కాదు, పది తరాలు గడిచిపోతాయి.