ఫార్మాట్ కొట్టేముందు ఒక్కసారి కొలత చూడండి

కొంచెం పెద్ద పోస్టు ఇది. ఊరి రికార్డింగులు, పట్టాల స్కాన్లు, గ్రామసభ తీర్మానాల ఫోటోలు యూఎస్‌బీ డిస్కుల్లో దాచుకున్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. చింతూరు, కూనవరం, వీఆర్ పురం వైపువాళ్లకి ఆ రోజులు నేను గుర్తు చెయ్యక్కర్లేదు. ఇళ్లతోపాటు కాగితాలూ నీళ్లపాలయ్యాయి. ఆ తర్వాత మా స్నేహితులం కొందరం ఊళ్లు తిరిగి అటవీ హక్కుల పట్టాలు స్కాన్ చేశాం, పెద్దవాళ్ల చేత భూమి పండుగ పాటలు పాడించి వీడియో తీశాం. అన్నీ ఒక 4 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కులో పెట్టాం. పాడినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు.

రాజమండ్రిలో రెండో కాపీ తీస్తుండగా, సగంలో డిస్కు కనిపించడం మానేసింది. డబ్బాలో ఉండే చిన్న బోర్డు పోయింది. లోపలి డిస్కు తీసి నేరుగా డెస్క్‌టాప్‌కి తగిలిస్తే బాగానే తిరుగుతోంది. విండోస్ మాత్రం ఫార్మాట్ చేస్తేనే వాడుకోవచ్చని అడుగుతోంది. షాపులో చూపిస్తే "డేటా పోయింది బాబూ, ఫార్మాట్ కొట్టేద్దాం" అన్నారు. మేం కొట్టనివ్వలేదు.

లినక్స్ పెట్టి ఎఫ్‌డిస్క్‌లో చూశాం. డిస్కు సైజు 3.6 టీబీ అని చూపించింది (4 టీబీ అని అమ్మేది అంతే ఉంటుంది). అందులో పార్టిషన్ మాత్రం 466 జీబీయే. లెక్కేస్తే సరిగ్గా ఎనిమిదో వంతు. గుట్టంతా అక్కడే ఉంది.

డిస్కుని పొలం అనుకోండి. మొదటి సర్వేయరు పెద్ద గొలుసుతో కొలిచి "గట్టు నుంచి 256 గొలుసుల దూరంలో హద్దురాయి" అని రాసి వెళ్లాడు. రెండోవాడు దానిలో ఎనిమిదో వంతు పొడవున్న గొలుసుతో అదే 256 లెక్కపెట్టాడు. రాయి కనిపించలేదు. అంతమాత్రాన పొలం పోయినట్టా?

ఇక్కడ గొలుసు అంటే సెక్టార్. కొన్ని యూఎస్‌బీ డబ్బాల బోర్డు సెక్టార్‌ని 4096 బైట్లుగా చూపిస్తుంది. అదే డిస్కు బయటికి తీసి తగిలిస్తే 512 అని చెబుతుంది. 4096 లెక్కన 256వ సెక్టార్ అంటే 1 ఎంబీ దగ్గర. 512 లెక్కన 128 కేబీ దగ్గరే. కంప్యూటర్ అక్కడ వెతికి, ఏమీ దొరక్క ఫార్మాట్ అడుగుతుంది.

లినక్స్‌లో లాసెటప్ అనే కమాండ్ ఉంది. దానికి సెక్టార్ సైజు 4096 అని, రీడ్-ఓన్లీ అని చెప్పి, పార్టిషన్లు మళ్లీ వెతకమన్నాం. ఫోల్డర్లన్నీ వచ్చేశాయి. వేరే డిస్కులోకి కాపీ చేసుకున్నాం. లినక్స్ రానివాళ్లు అదే మోడల్ డబ్బా ఇంకోటి సంపాదించి అందులో పెట్టి చూడొచ్చు. కొన్ని కంపెనీల డబ్బాలు డేటాని లాక్ చేసి రాస్తాయి. అలాంటివాటికి ఈ లాసెటప్ పద్ధతి పనిచెయ్యదు.

ఇంకో మాట. టెస్ట్‌డిస్క్ లాంటి టూల్స్ పెన్‌డ్రైవుకి కూడా 255 హెడ్లు, 63 సెక్టార్లు అని చూపిస్తాయి. పెన్‌డ్రైవులో హెడ్డూ లేదు, సిలిండరూ లేదు. పాత హార్డ్‌డిస్కుల కాలం నుంచి వస్తున్న ఉత్తుత్తి లెక్క అది. వాటిని చూసి కంగారుపడి ఏదీ మార్చకండి. చూడాల్సినవి రెండే: మొత్తం సైజు, సెక్టార్ సైజు. మొత్తం సైజు సున్నా వస్తే, డిస్కు టకటకమని కొడుతుంటే అది వేరే జబ్బు. వెంటనే తీసెయ్యండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మన పాటలకి పుస్తకాల్లో కాపీ లేదు. పట్టా నకలు కావాలంటే ఎన్నిసార్లు ఆఫీసు చుట్టూ తిరగాలో మీకు తెలుసు. కాబట్టి రెండు కాపీలు, రెండు వేర్వేరు ఊళ్లలో పెట్టండి. అందులో ఒకటి ముంపు అందని ఎత్తులో ఉండాలి. ఎవరి డిస్కైనా ఫార్మాట్ అడుగుతుంటే షాపుకి వెళ్లేముందు స్క్రీన్ ఫోటో ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.