అవ్వ రెండువైపులా నడిపిన వైద్యం

నెల్లూరు జిల్లా ఆత్మకూరు దాపున మా ఊళ్లో, 1980ల నాటి మాట. ఇంట్లో కాన్పులన్నీ దక్షిణం గదిలోనే. పచ్చి బాలింత ఉన్నన్నాళ్లూ గడపకు వేపమండలు, తలగడ కింద కత్తి, మంచం పక్కన కుంపట్లో వాము పొగ. పిల్లలం తొంగి చూస్తే వీపు పగిలేది.

తొలి కాన్పుకొచ్చిన మా చిన్నత్త, పురుటి స్నానం కాకముందే నిద్ర మానేసింది. బిడ్డ ఏడుపు వల్లేమో అనుకున్నారు. తర్వాత ఆ బిడ్డ తనది కాదంది, ఎవరో మార్చేశారంది. కన్నతల్లిని, అంటే మా అవ్వను పట్టుకుని "నువ్వెవురుమే?" అని అడిగింది.

గాలి సోకిందని ఊరు ఒక్క పూటలో తేల్చేసింది. వాకిట్లోకొచ్చిన ఆడవాళ్లలో ఒక్కరూ చిన్నత్తను తప్పుపట్టలేదు, అది మాత్రం చెప్పాలి.

నెల్లూరులో ఒక డాక్టరుకు చూపించి, అటునుంచి అటే ఏ.ఎస్.పేట దర్గాకు తీసుకుపోయారు. మనం హిందువులం కదా అని ఎవరికీ తోచలేదు. అక్కడికొచ్చే వాళ్లలో మావాళ్లకు కొదవా! పక్కనే అద్దెగది తీసుకున్నారు. సాయంత్రాలు సాంబ్రాణి పొగ, నెమలీకల కట్టతో దీవెన. మాత్రలు అయిపోయినప్పుడల్లా అవ్వ బస్సెక్కి నెల్లూరు పోయి తెచ్చి, ఫాతెహా చదివించిన చక్కెరలో నూరి కలిపి కూతురి నోట్లో వేసేది. "సామి పని సామి చేస్తాడు, డాకటేరు పని డాకటేరు చేస్తాడు. వాళ్ల మధ్య తగువు మనకెందుకు?" అనేది.

బిడ్డను మాత్రం చిన్నత్త కళ్లముందు నుంచి తప్పించలేదు. రాత్రుళ్లు ఇద్దరి మధ్య తాను పడుకునేది. ఉగ్గుగిన్నెతో పాలు పట్టేటప్పుడు చిన్నత్త వేళ్లు పట్టుకుని గిన్నెకు ఆనించేది. ఆ వేళ్లు వెంటనే జారిపోయేవి. అవ్వ మళ్లీ ఆనించేది.

వెయ్యి కాన్పుల్లో ఒకటి రెండింటికి ఇలాంటి ఉన్మాదం వస్తుందట. ఇంగ్లండులో 1922లోనే, ప్రసవంతో మతి చెదిరిన తల్లి పసిగుడ్డును చంపితే హంతకురాలిగా ఉరితీయకూడదని చట్టం చేశారు. అదే దేశంలో, జబ్బుపడ్డ తల్లిని ఆసుపత్రికీ బిడ్డను ఇంకోచోటికీ పంపడం చాలాకాలం నడిచింది. కోర్టుకున్న జాలి ఆసుపత్రికి లేకపోయింది! 1948లో అక్కడి కాసెల్ ఆసుపత్రిలో డాక్టరు టామ్ మెయిన్ తల్లిని బిడ్డతో సహా చేర్చుకోవడం అప్పట్లో వింత. మన బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డల వార్డు 2009లో గానీ రాలేదు. అవ్వ అద్దెగదిలో నడిపింది అలాంటి వార్డే.

అట్లాగని ఊరి పద్ధతులన్నిటినీ నెత్తిన పెట్టుకోలేను. పక్కవీధిలో ఒకబ్బాయిని వసారా గుంజకు గొలుసేసి కట్టేవాళ్లు. రాపిడికి చీలమండ చర్మం నల్లగా మొద్దుబారింది. వాళ్లమ్మ రోజూ అక్కడ ఆముదం రాసేది, తాళం మాత్రం తీసేది కాదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో, గొలుసులతో కట్టిపడేసిన మనోరోగులు మంటల్లో చిక్కుకుని 28 మంది చనిపోయారు. మనోరోగుల్ని గొలుసులతో కట్టకూడదని చట్టంలో రాయడానికి 2017 దాకా పట్టింది.

చిన్నత్త కొన్ని నెలలకు తేరుకుంది. నా లెక్కలో పనిచేసింది మాత్రలే. అవ్వ ఆ లెక్క ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. రెండో కాన్పుకు నెల ముందే నెల్లూరు పోయి డాక్టరును కలిసింది. వస్తూ వస్తూ ఏ.ఎస్.పేటలో దిగి, అద్దెగదికి బయానా కూడా ఇచ్చి వచ్చింది.