లేపాక్షిలో మూడొందల ఫోటోలు తీశారు సరే... ఆ ఒక్కటి ఎక్కడ?

హిందూపురం నుంచి లేపాక్షికి 15 కిలోమీటర్లు. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు హైవే మీద కొడికొండ చెక్‌పోస్టు దగ్గర లోపలికి తిరుగుతారు. శని, ఆదివారాల్లో ఆ రోడ్డు నిండా బైకులే. సాయంత్రం తిరిగి వెళ్లేటప్పుడు ఒక్కో ఫోన్‌లో తక్కువలో తక్కువ రెండు మూడొందల ఫోటోలు ఉంటాయి. వేలాడే స్తంభం కింద తువ్వాలు లాగుతున్న వీడియో ఒకటి, నంది ముందు గ్రూప్ ఫోటోలు ఓ ఇరవై, మిగతావన్నీ స్తంభాలు, స్తంభాలు, ఇంకా స్తంభాలు. నెల తర్వాత వాళ్లలో ఎవరినైనా 'ఈ బొమ్మ ఏ మండపంలోది?' అని అడిగి చూడండి. బుర్ర గోక్కుంటారు.

నాకు ఫోటోలు ఉద్యోగం కాదు, పిచ్చి. ఈ చుట్టుపక్కల గుళ్లు, కోటలు తిరుగుతూ ఏళ్లుగా తీస్తున్నా. నా లెక్కలో లేపాక్షి రెండు విధాలా కష్టమైన చోటు. లోపల చీకటి, బయట మండే ఎండ కాబట్టి తీయడం కష్టం. వందల శిల్పాలు ఒకేలా కనిపిస్తాయి కాబట్టి తీసినదాన్ని తర్వాత వెతికి పట్టుకోవడం ఇంకా కష్టం. మొదటి కష్టం గురించి యూట్యూబ్‌లో కావలసినంత ఉంది. రెండోదాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

ముందు బసవన్న

చాలామంది మొదట ఆగేది నంది దగ్గరే. ఒకే రాయి, పాతికడుగులు దాటిన పొడవు. దూరంగా గుళ్లో ఉన్న నాగలింగం వైపు చూస్తూ కూర్చుని ఉంటాడు. మిట్టమధ్యాహ్నం తీస్తే ఫోటోలో ఒట్టి బూడిదరంగు బండలా వస్తాడు. ఎండ పక్కనుంచి పడే వేళ, అంటే పొద్దున తొమ్మిదిలోపు గానీ సాయంత్రం నాలుగున్నర తర్వాత గానీ చూడండి. మెడలోని దండలో ఒక్కో గంట విడివిడిగా లేచి కనిపిస్తుంది. కెమెరా ఎంత ఖరీదైనదైనా ఆ పని ఎండ చేయాల్సిందే.

ఇక్కడ అందరూ చేసేది ఒకటుంది. నంది మొత్తం పట్టాలని 0.5 లెన్సు పెట్టి దగ్గరికి వెళ్లిపోతారు. ముక్కు గుమ్మడికాయంత, వెనక భాగం ఎక్కడో చివర చిన్నగా వస్తుంది. ఇరవై అడుగులు వెనక్కి నడిచి 2ఎక్స్‌లో తీస్తే నంది నందిలా ఉంటాడు. తీసేముందు రాయి మీద వేలు పెట్టి కాసేపు నొక్కి ఉంచండి. ఫోకస్, వెలుతురు రెండూ లాక్ అవుతాయి. తర్వాత పక్కన వచ్చే చిన్న సూర్యుడి గుర్తును కొంచెం కిందికి లాగితే ఆకాశం తెల్లగా పేలిపోకుండా నీలంగా నిలుస్తుంది. చాలా ఫోన్లలో ఇదే పద్ధతి.

నేల మీద ఫోన్, కప్పు మీద పెళ్లి

వీరభద్రస్వామి ఆలయం 16వ శతాబ్దం నాటిది. విజయనగరం పాలకుడు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారని చెబుతారు. విరూపణ్ణ కళ్ల కథ, గోడ మీది ఎర్రటి మరకల కథ గైడు చెబితేనే బాగుంటుంది, వాళ్ల పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. నేను చెప్పేది తల పైకెత్తి చూడమని.

నాట్య మండపం కప్పు నిండా రంగుల బొమ్మలు. పార్వతి పెళ్లి, అడవిపంది వేట, పొడవాటి కుళ్లాయిలు పెట్టుకున్న మగవాళ్లు, ఒక్కొక్కరూ ఒక్కో రకం చీర కట్టిన ఆడవాళ్లు. సున్నపు పూత మీద మట్టి రంగులతో వేసినవి. కొన్నిచోట్ల పూత ఊడిపోయింది, కొన్నిచోట్ల రంగు పోయి గీత మాత్రం మిగిలింది. ఇవాళ కనిపించే కొంగు ఇంకో ఇరవై ఏళ్లకు కనిపిస్తుందన్న హామీ లేదు. అందుకే మీరు తీసే ఫోటో ఉత్త జ్ఞాపకం కాదు, ఒక రకంగా రికార్డు. ఏ తేదీన, ఏ మూలన తీసిందో తెలిస్తేనే అది రికార్డు అవుతుంది. తెలియకపోతే వాల్‌పేపర్.

ఫ్లాష్ వద్దు. పాత రంగుల మీద అంత వెలుగు కొట్టకపోవడమే మర్యాద. దానికితోడు ఫోన్ ఫ్లాష్ నాలుగడుగులు దాటితే ఏమీ చేయలేదు, అంత ఎత్తున్న కప్పును అది వెలిగించదు. మరి చీకట్లో ఎలా? చేతులు పైకెత్తి వణుకుతూ తీసే బదులు, నేల మీద ఒక చేతిరుమాలు పరవండి. మూడు సెకన్ల టైమర్ పెట్టి, వెనక కెమెరా పైకి చూసేలా ఫోన్‌ను దాని మీద బోర్లా పెట్టేయండి. ఫోన్ కదలదు కాబట్టి నైట్ మోడ్ ఎక్కువ సేపు వెలుతురు పోగుచేసుకుంటుంది. ట్రైపాడ్ అక్కర్లేదు. అది తీసుకెళితే పురావస్తు శాఖ అనుమతి గొడవ ఒకటి, రుమాలుకు ఆ బాధ లేదు. 0.5 లెన్సు మాత్రం లోపల వాడకండి. చీకట్లో దాని బొమ్మ పెద్దది చేసి చూస్తే ఇడ్లీ పిండిలా ఉంటుంది. మెయిన్ కెమెరాతో రెండు మూడు ముక్కలుగా తీసుకోవడం మేలు. గర్భగుడి వైపు ఫోన్ జేబులో ఉండాలి, అది వేరే చెప్పక్కర్లేదు.

హంసల అంచు

ధర్మవరంలో నాకో మిత్రుడున్నాడు. పట్టుచీరలకు డిజైన్లు గీస్తాడు. లేపాక్షి స్తంభాల మీది లతలు, పూలు, హంసలు చీరల అంచుల్లోకి రావడం కొత్త సంగతి కాదు, చేనేత తెలిసినవాళ్లందరికీ ఎరుకే. ఒకరోజు రాత్రి ఫోన్ చేశాడు.

"అన్నా, రెండేండ్ల కింద హంసల అంచు ఫోటో పంపించినావే, అది మళ్లీ కావల్ల. వాట్సాప్‌లో వచ్చింది పెద్దది చేస్తే అంతా మసక. ముక్కు యాడుందో, రెక్క యాడుందో తెలీడంలే. రేపు గ్రాఫు గీయల్ల."

గ్రాఫు అంటే తెలియనివాళ్లకు: గళ్ల కాగితం మీద ఒక్కో గడికి ఒక్కో పోగు లెక్కన అంచు గీస్తారు. ఇప్పుడు ఆ గీత కంప్యూటర్లో జరగొచ్చు, లెక్క మాత్రం అదే. దాన్నిబట్టి జాకార్డు అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టల ప్రకారమే మగ్గం మీద పోగులు లేస్తాయి. గ్రాఫులో హంస మెడ వంకర పోతే చీర పొడవునా ప్రతి హంసకూ అదే వంకర మెడ. అట్టలు కొట్టాక తెలిస్తే ఆ డబ్బూ, ఆ రోజులూ పోయినట్టే.

నా దగ్గర లేపాక్షి ఫోటోలు నాలుగు వేలు దాటి ఉన్నాయి. కంప్యూటర్లో 'లతా మండపం', 'హంస' అని రెండు ట్యాగులు ఎంచుకుంటే తొమ్మిది వచ్చాయి. అందులో నాలుగు నక్షత్రాలు ఇచ్చుకున్నది ఒక్కటే. ఫోన్ పెట్టేయకముందే పంపించాను, ఈసారి వాట్సాప్‌లోనే డాక్యుమెంటుగా. ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని పిండి చిన్నది చేస్తుంది, తేదీ, చోటు వివరాలు తీసేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

ఆ ఫోటో పనికొచ్చిందంటే ఇంకో కారణం కూడా ఉంది. స్తంభానికి ఎదురుగా, కెమెరా అంచు ఎత్తులోనే ఉంచి, కొంచెం వెనక నిలబడి 2ఎక్స్‌లో తీసింది. కింద నిలబడి పైకి వంచి తీస్తే పైహంస చిన్నది, కిందిహంస పెద్దది అవుతుంది. అంచు డిజైన్‌కు అలాంటిది దండగ. డిజైన్ ఎక్కడ మొదలై ఎక్కడ మళ్లీ తిరగబెడుతుందో, ఆ ముక్క మొత్తం ఫ్రేములో ఉండాలి. కొలత తెలియడానికి రాతిని తాకకుండా పక్కన చెయ్యి ఉంచి ఇంకో ఫోటో తీయండి. నేల మీది ఆ పెద్ద పాదముద్రకూ ఇదే చిట్కా, పక్కన ఎవరి పాదమైనా ఉంటేనే అదెంత పెద్దదో తెలుస్తుంది.

వీధి, ఇల్లు, గడప

ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే చాలు కదా అంటారు. అది 'లేపాక్షి' వరకు చెబుతుంది. ఏ స్తంభమో చెప్పలేదు. రాతి కప్పు కింద జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ దూకుతుంది కూడా.

నేను చేసేది చాలా మోటు పద్ధతి. ఏ శిల్పమైనా మూడు ఫోటోలు. మండపం మొత్తం కనిపించేది ఒకటి, ఆ స్తంభం ఒకటి, ఆ తర్వాతే బొమ్మ. వీధి, ఇల్లు, గడప అనుకోండి. ఇక ఒక మండపం నుంచి ఇంకోదానికి మారేటప్పుడు నా అరచేతికి ఒక ఫోటో. నాట్య మండపానికి ఒక వేలు, లతా మండపానికి రెండు, పూర్తికాని కల్యాణ మండపానికి మూడు. ఇంటికొచ్చి గ్యాలరీ చూస్తుంటే వేళ్ల ఫోటో రాగానే అక్కడినుంచి కొత్త చోటు మొదలైందని తెలిసిపోతుంది. పక్కనున్నవాళ్లు వింతగా చూస్తారు. చూడనివ్వండి.

ఆ రాత్రే ఒక గంట

వారం ఆగితే ఇక ఎప్పటికీ చేయరు. ఆ రాత్రే, మంచం మీద పడుకునే, ఒకేలా ఉన్న అయిదింటిలో ఒకటి ఉంచి నాలుగు తీసేయండి. మూడొందలు ఎనభై అవుతాయి. తర్వాత కంప్యూటర్లోకి, ఒక ఫోల్డర్‌లోకి. పేరు ఇలా పెడితే మంచిది: 2025-01-12-లేపాక్షి. ఏడాది ముందు, తర్వాత నెల, తర్వాత తేదీ. అప్పుడు ఫోల్డర్లు వాటంతటవే వరసలో నిలబడతాయి. 12-01-2025 అని పెడితే అన్ని ఏళ్ల పన్నెండో తేదీలూ ఒకచోట గుంపు కడతాయి.

నేను వాడేది డిజీక్యామ్. పైసా ఖర్చు లేదు, విండోస్, మ్యాక్, లినక్స్ దేనిమీదైనా నడుస్తుంది. అందంగా ఉంటుందని చెప్పను, మొదటిసారి తెరిస్తే మెనూలు చూసి పారిపోవాలనిపిస్తుంది. మీకు కావలసింది మూడే: ట్యాగులు, నక్షత్రాలు, క్యాప్షన్. ట్యాగులు ఒకదాని కింద ఒకటి పెట్టుకోవచ్చు. లేపాక్షి, దాని కింద లతా మండపం. హంస మాత్రం విడిగా ఉంచండి, రేపు తాడిపత్రిలో హంస కనిపించినా అదే ట్యాగు పనికొస్తుంది. అన్నీ తెలుగులోనే రాసుకోవచ్చు. నలభై ఫోటోలు ఒకేసారి ఎంచుకుని ఒక్క ట్యాగు తగిలించొచ్చు కాబట్టి, పైన చెప్పిన వేళ్ల గుర్తులు ఉంటే పని అరగంటలో అయిపోతుంది.

సెట్టింగుల్లో మాత్రం ఒకటి తప్పకుండా చూడండి. ట్యాగులను, క్యాప్షన్లను ఫోటో ఫైల్ లోపలే మెటాడేటాగా రాయమని చెప్పే చోటు ఉంటుంది. అది టిక్ అయి ఉండాలి. ఎందుకంటారా? పికాసా గుర్తుందా? మన అన్నలు, అక్కలు పెళ్లి ఫోటోలన్నీ అందులోనే సర్దుకున్నారు. 2016లో గూగుల్ దాన్ని ఆపేసింది. సాఫ్ట్‌వేర్ పోవడం మామూలే. మీరు రాసిన మాట ఫైల్ లోపలే ఉంటే, రేపు వచ్చే ఇంకో సాఫ్ట్‌వేర్ దాన్ని చదువుకుంటుంది.

గూగుల్ ఫోటోస్ చాలదా అంటే, చూసుకోవడానికి అంత సుఖమైనది లేదు. వెతుకులాట అద్భుతం, 'స్తంభం' అని అడిగితే స్తంభాలన్నీ తెచ్చి ముందు పోస్తుంది. చిక్కు అక్కడే, అన్నీ తెస్తుంది. మీకు కావలసింది ఒకటి. అందులో రాసుకున్న క్యాప్షన్లు కూడా ఫోటోలోకి వెళ్లవు, గూగుల్ టేకౌట్‌తో అంతా దించుకుంటే పక్కన వేరే చిన్న ఫైళ్లుగా వస్తాయి. 2021 జూన్ నుంచి జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నిటికీ కలిపి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. స్థలం చాలక అందులోంచి ఫోటోలు డిలీట్ చేస్తే ఫోన్‌లోవి కూడా పోతాయి. ఫోన్‌లో మాత్రమే ఖాళీ చేయాలంటే 'ఫ్రీ అప్ స్పేస్' అనే మాట వెతకండి. పొరపాటున పోయినా బ్యాకప్ అయిన ఫోటోలు బిన్‌లో 60 రోజులు ఉంటాయి, కంగారు పడకండి.

నా లెక్క మూడు కాపీలు. ఒకటి కంప్యూటర్లో, ఒకటి బయటి హార్డ్‌డిస్కులో, ఇంకోటి వేరే ఊళ్లో ఉన్న చెల్లెలి ఇంట్లోని హార్డ్‌డిస్కులో. పండక్కి వెళ్లినప్పుడల్లా దాన్ని తాజా చేస్తాను. మా ఇంట్లో దొంగలు పడ్డా, నీళ్లు వచ్చినా హంసలు బతుకుతాయి.

ధర్మవరం మిత్రుడు ఇప్పుడు కప్పు మీది బొమ్మల్లో ఒకావిడ చీర కొంగు కావాలంటున్నాడు. ఎండలు ముదరకముందే వెళ్లాలి. పొద్దున్నే చేరుకుంటే బైకుల గుంపు రాకముందు ఓ గంట ప్రశాంతంగా దొరుకుతుంది. నేల మీద రుమాలు పరవాలంటే ఆ మాత్రం చోటు కావాలి కదా.