ఎడమచేతి పిడి

ఒకనాటి మగ్రిబ్ నమాజు తరువాత దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్న మా చిన్నబ్బాయి ముద్ద కలపబోయి, చేయి వెనక్కు తీసుకున్నాడు. కుడి మణికట్టు బొటనవ్రేలి వైపు వాచి ఉంది. “ఏమైంది బేటా?” అని వాళ్ళ అమ్మీ అడిగితే, “కాలేజీలో వ్రాత ఎక్కువైంది” అన్నాడు. అబద్ధమని మాకు తెలిసిపోయింది. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్నవాళ్ళం. అప్పజెప్పని పాఠానికి చెప్పే సాకు ఎలా ఉంటుందో గొంతులోనే పోల్చగలం.

ఇషా తరువాత కంప్యూటరు ముందు కూర్చున్న అతని వెనుక నిలబడి చూశాము. మాన్పించాలనే ఉద్దేశంతోనే నిలబడ్డామని ఒప్పుకుంటున్నాము. తెరపై తుపాకులు లేవు, అసభ్యమైన బొమ్మలు లేవు. నల్లని ఆకాశం, క్రింద నీలి భూగోళం, ఎదురుగా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం. దాని పేరు ‘ఆర్బిటర్’. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన మార్టిన్ ష్వైగర్ అనే శాస్త్రవేత్త తయారుచేసి 2000లో ఉచితంగా విడుదల చేసిన కార్యక్రమమట. న్యూటన్ సూత్రాలు ఎలా ఉన్నాయో నౌక అలాగే కదులుతుంది.

“అబ్బా, దీనికి బ్రేకు లేదు. ఒకసారి కదిలిస్తే కదులుతూనే ఉంటుంది. ఆపాలంటే అంతే బలంతో వెనక్కు నెట్టాలి” అని వివరించాడు. రోడ్డు మీది బండికి ముందు వెనుకలు, కుడి ఎడమలు చాలు. అంతరిక్ష నౌకకు ఆరు కదలికలు. ముందుకు వెనుకకు, ప్రక్కలకు, పైకి క్రిందికి జరగడం మూడు. ముక్కు ఎత్తి దించడం, ప్రక్కకు తిప్పడం, ఉన్నచోటనే పొర్లడం మరో మూడు. గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో భూమిని చుట్టే ఆ కేంద్రాన్ని చేరుకొని, చివరి గజాలలో సెకనుకు కొన్ని సెంటీమీటర్ల చొప్పున జరుగుతూ దాని ద్వారానికి నౌకను ఆనించాలి. సుబ్‌హానల్లాహ్! ఆ రాత్రి అతడు మూడుసార్లు తప్పాడు. మేము కుర్చీ తెచ్చుకొని కూర్చున్నాము.

అతని చేతులను అప్పుడే గమనించాము. పని అంతా కీబోర్డు కుడి చివరనున్న అంకెల మీటలపై జరుగుతోంది. అవే మీటలు నౌకను తిప్పుతాయి. గీత మీట ఒకటి నొక్కితే జరపడం మొదలుపెడతాయి. కుడి మణికట్టు బయటికి వంగి గంటసేపు అలాగే ఉండిపోయింది. ఎడమచేయి ఒడిలో ఖాళీగా ఉంది.

“ఆ చేయి ఏం చేస్తుంది?”

“ఏమీ చేయదు అబ్బా” అని, కొంచెం ఆగి, “నిజానికి నాకు ఆ చేయే బాగా పనిచేస్తుంది” అన్నాడు.

ఈ మాట మాకు తెలియనిది కాదు. అతని బిస్మిల్లాహ్ ఖ్వానీ నాడు, అంటే మన హైదరాబాదు ఇళ్ళలో పాటించే ఆ నాలుగు సంవత్సరాల నాలుగు నెలల నాలుగు రోజుల నాడు (ఇది ఆచారమే గాని షరీఅతు విధించినది కాదు), పలక ముందు పెట్టగానే అతడు ఎడమచేయి చాచాడు. బంధువులంతా చూస్తున్నారు. మేము ఆ చేతిలోని బలపం తీసి కుడిచేతిలో పెట్టాము. మళ్ళీ మార్చాడు, మళ్ళీ తీశాము. తరువాతి నెలల్లో ఎడమచేతి వ్రేళ్ళపై బెత్తపు చివరతో తట్టిన సందర్భాలూ ఉన్నాయి. అతడు కుడిచేత్తో వ్రాయడం నేర్చుకున్నాడు. దస్తూరి మాత్రం ఈనాటికీ కుదరలేదు. దానిని అశ్రద్ధ అని కోప్పడుతూ వచ్చాము.

ఎముకల వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాము. బొటనవ్రేలి నరాల తాళ్ళు ఒరుసుకొని వాచాయని చెప్పి, మూడు వారాలు పట్టీ వేశారు. ఆట పూర్తిగా మాన్పిస్తామని మేము ముందే అన్నాము. ఆయన నవ్వి, “మౌల్వీ సాబ్, వ్రాత కూడా మాన్పిస్తారా? చేయి ఒకటే. అది ఏ ఎత్తులో, ఏ వంపులో పనిచేస్తోందో ముందు చూడండి” అన్నారు. శరీరానికి మనపై హక్కు ఉందని దైవప్రవక్త (స) బోధించిన హదీసును మేము ప్రతి ఏటా రాత్రంతా మేలుకొని చదివే విద్యార్థులకు వివరిస్తాము. ఒక డాక్టరుగారు దానిని మాకే వివరించవలసి వచ్చింది.

ఈ ఆటే ఎందుకు, వదిలేయరాదా అని కొందరు పాఠకులు అనుకోవచ్చు. మేమూ అనుకున్నాము. కాని జూదం లేదు, నమాజు వేళలకు అడ్డు రాకుండా కట్టడి చేయవచ్చు, భౌతికశాస్త్రం పుస్తకంలో అర్థం కానిది ఇక్కడ అర్థమవుతోంది. విలువిద్యనూ గుర్రపుస్వారీనీ దైవప్రవక్త (స) ప్రోత్సహించారు. కళ్ళెం పట్టే చేతి నేర్పు వంటిదే ఇదీ. పైగా మన పాతబస్తీకి ఆకాశం క్రొత్త కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులోనే నక్షత్రశాలను నెలకొల్పారు. తరువాత బేగంపేటకు మారిన నిజామియా అబ్జర్వేటరీ అదే.

పట్టీ విప్పిన తరువాత, సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అంతస్తులన్నీ ఎక్కి దిగి ఒక జాయ్‌స్టిక్ కొన్నాము. ఇంటికి వచ్చి ఎడమచేత్తో పట్టుకోమంటే పట్టు కుదరలేదు. అరచేయి ఆనే వంపు, బొటనవ్రేలి మీటలు అన్నీ కుడిచేతికే అచ్చుపోసి ఉన్నాయి. అంగట్లో మేము అడగలేదు, వారు చెప్పలేదు. కుడిచేత్తోనే ఆడాడు, పది రోజులకు వాపు తిరిగి వచ్చింది. కుడిచేతి వాడి కోసం చేసిన వస్తువును ఎడమచేతి వాడికి ఇచ్చి, సర్దుకొమ్మని చెప్పడం మాకు అప్పటికి రెండవసారి.

ఆ రోజుల్లోనే అతడు ఒక బొమ్మ చూపాడు. రష్యా వారి సోయుజ్ నౌకలో నౌకాధిపతికి రెండు పిడులు ఉంటాయి. ఎడమచేతి పిడి నౌకను జరుపుతుంది, కుడిచేతి పిడి తిప్పుతుంది. మన నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్ 3న ఎక్కినది ఆ వంశపు నౌకనే. 2007 రమజానులో మలేసియాకు చెందిన షేఖ్ ముస్జఫర్ షుకూర్ వెళ్ళినదీ సోయుజ్‌లోనే. అక్కడ నమాజు, ఉపవాసం ఎలా పాటించాలో ఆ దేశపు ఉలమాలు ప్రత్యేకంగా మార్గదర్శకాలు రచించగా, వాటి గురించి మేము తరగతిలో చర్చించాము కూడా. ఖిబ్లా సంగతి అంత చర్చించిన మేము, నౌకను రెండు చేతులతో నడుపుతారన్న సంగతి మాత్రం ఎరుగము.

జిద్దాలో ఉండే మా బావమరిది సెలవుపై వస్తూ థ్రస్ట్‌మాస్టర్ వారి టి.16000ఎం జాయ్‌స్టిక్‌లు రెండు తెచ్చాడు. వీటిలో అరచేయి ఆనే ముక్కను, బొటనవ్రేలు ఆనే ముక్కను విప్పి, ఏ చేతికి తగినవి ఆ చేతికి బిగించుకోవచ్చు. ఒక్కొక్క పిడి ముందు వెనుకలకు, ప్రక్కలకు వంగుతుంది. పట్టుకొని మెలిపెడితే తిరుగుతుంది కూడా. అంటే పిడికి మూడు కదలికలు. రెండు పిడులకు ఆరు. నౌకకు కావలసినవీ ఆరే! ఈదీ డబ్బుతో ‘ఎలైట్ డేంజరస్’ అనే మరో ఆట కొనుక్కున్నాడు. దానిలో ఏ పిడికి ఏ పని అప్పగించాలో మనమే నిర్ణయించుకోవచ్చు. సోయుజ్‌లో ఉన్నదానికి తారుమారుగా, సున్నితమైన తిప్పే పనిని ఎడమచేతికి, జరిపే పనిని కుడిచేతికి ఇచ్చుకున్నాడు. అడుగుదామని నోరు తెరిచి, అడగలేదు.

ఇక మిగిలింది బల్ల. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే డబ్బంతా పెట్టిన తరువాత కూడా మొదటి వారంలో భుజాలు పట్టేశాయి. మా ఇంటి బల్ల ఎత్తు 30 అంగుళాలు. పిడిని పట్టుకొనే చోటు దాని అడుగు నుండి ఆరు అంగుళాల పైన ఉంటుంది. అంటే చేయి 36 అంగుళాల ఎత్తులో వ్రేలాడుతోంది. కుర్చీ ఎత్తు 17. కూర్చున్న పిల్లవాడి మోచేయి కుర్చీకి తొమ్మిది అంగుళాల పైన, అంటే 26. మోచేయికీ చేతికీ పది అంగుళాల తేడా! ఈ లెక్క టేపు పట్టుకొని మేమే వేశాము. పిడి అడుగు 20 అంగుళాల ఎత్తున, తొడలకు అటూ ఇటూ ఉండాలి. బల్ల దానికి పనికిరాదు.

మదరసాలో పిల్లలు నేల మీద కూర్చొని వ్రాసుకొనే పొట్టి బల్లలు అటకపై రెండు ఉన్నాయని మా వాడు గుర్తుచేశాడు. అవి అమానతు, ఇంటికి తెచ్చే వస్తువులు కావని చెప్పాము. శాలిబండ వైపు మా గల్లీ మలుపులో తఖ్తులు చేసే వృద్ధ వడ్రంగిని పిలిచాము. చేతులు లేని పాత కుర్చీకి రెండు ప్రక్కలా, కూర్చునే చోటికి మూడు అంగుళాల పైన, ముందుకు సాగిన రెండు పలకలు బిగించమన్నాము. “హజ్రత్, ఇది కుర్చీయా, పల్లకీయా?” అన్నాడు. మోచేతుల క్రింద దూదితో కుట్టిన చిన్న దిండ్లు మా ఇంటివారు అమర్చారు. పలకలను నాలుగుసార్లు విప్పి బిగించాము. ఎడమది ఒక వేలెడు ముందుకు ఉంటేనే మణికట్టు తిన్నగా ఉంటోందని చివరికి తేలింది. పిడి నిటారుగా ఉన్నప్పుడు చేయి వణికినా నౌక కదలకుండా, మధ్యలో కొంత చోటు స్పందించనట్లుగా ఆటలోనే అమర్చుకోవచ్చునట. అదీ చేసిన తరువాత పట్టు బిగించి పట్టుకోవడం మానాడు. నొప్పికి అసలు కారణం ఆ బిగింపే అని మా అనుమానం.

ఆటకు హద్దు పెట్టాము: ఇషా తరువాత నలభై నిమిషాలు, పరీక్షల నెలలో అదీ లేదు. కొన్నాళ్ళు హద్దు దాటాడు, కొన్నాళ్ళు మేము గమనించనట్లు ఉన్నాము. వాపు మళ్ళీ రాలేదు. ఒక రాత్రి మమ్మల్ని ఆ పల్లకీలో కూర్చోబెట్టి కేంద్రానికి నౌకను ఆనించమన్నాడు. ఎంత నెట్టాలో అంతకు రెట్టింపు నెట్టాము. వెనక్కు లాగబోయి మళ్ళీ ఎక్కువ లాగాము. “అబ్బా, కొంచెం తాకి వదిలేయండి. తాకి, ఆగి, చూడండి” అని మా చేతిపై తన ఎడమచేయి పెట్టాడు.

అప్పుడు అడిగాము: “నీ చిన్నప్పుడు బలపం మార్చినది గుర్తుందా?”

“గుర్తుంది.”

“తినడం, త్రాగడం కుడిచేత్తో అన్నది హదీసు బోధ. వ్రాత విషయంలో అటువంటి నిషేధం మా గురువులెవ్వరూ మాకు చూపలేదు. మేమే రెంటినీ కలిపేశాము. నీవు మన్నించాలి బేటా.”

అతడు తెర వైపే చూస్తూ, “నౌక ప్రక్కకు పోతోంది, చూసుకోండి” అన్నాడు. కొంతసేపటికి, “ఇప్పుడు ఎడమచేత్తో వ్రాయడం మొదలుపెడితే ఇంటర్ పరీక్షల నాటికి వేగం రాదు కదా?” అని అడిగాడు. రాదనే చెప్పాము. పరీక్షలు కుడిచేత్తోనే వ్రాస్తున్నాడు. లెక్కల చిత్తు కాగితాలపై మాత్రం ఇప్పుడు మరో దస్తూరి కనిపిస్తోంది. ఇంకా పిల్లల వ్రాతలా ఉంది గాని, అక్షరాలు వాలిపోవడం లేదు.

షవ్వాలులో మదరసా తెరిచాక క్రొత్తగా చేరిన ఆరేళ్ళ పిల్లవాడు ఒకడు ఎడమచేత్తో కలం పట్టాడు. ప్రక్కనున్న పెద్ద విద్యార్థి అలవాటు కొద్దీ దానిని లాగబోతే వద్దన్నాము. ఉర్దూ కుడి నుండి ఎడమకు సాగుతుంది కనుక వ్రాసిన తడి అక్షరాలు వాడి చేతి క్రింద పడవు. ఇన్నేళ్ళుగా సిరా మరకలంటిన కుడి అరచేతులను కడిగించిన మాకు ఈ సంగతి ఎన్నడూ తోచలేదు. వాడు బాకీ సగం పేజీ నింపుతుండగా, సిరాబుడ్డిని ఎడమ ప్రక్కకు జరిపి, తరువాతి పిల్లవాడి సబఖ్ విన్నాము.