ఐదో మాట

13 ఏప్రిల్ 2025, మట్టల ఆదివారం

మంచి శుక్రవారం, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఎవరెవరు చెప్పాలో పాస్టరుగారు చదివారు. ఐదోది నాకొచ్చింది. దాహం.

మా ఆయనకి వారానికి మూడుసార్లు విశాఖలో డయాలసిస్. మూత్రం దాదాపు ఆగిపోయింది కాబట్టి తాగిన నీరు ఒంట్లోనే నిలిచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది. అందుకే రోజంతటికీ ఒక్క సీసా. టీ, చారు, మజ్జిగ కూడా ఆ లెక్కలోవే. తగరపువలసలో ఈ ఎండలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. "కాసిన్ని నీళ్లియ్యే" అని ఆయన అడిగితే లేదనాల్సింది నేనే.

15 ఏప్రిల్

మా వీధిలో శ్రమల దినాల కూటం. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు పాడాం. 1890లో పోయిన ఆ మహానుభావుడి పాటలు లేకుండా మాకు సిలువ ధ్యానం సాగదు. తర్వాత ఒక పెద్దమ్మ "విశ్వాసం గట్టిగా ఉంటే ఆ మిషనుతో పనుండదమ్మా" అంది. ప్రేమతోనే అంది, కానీ నేను ఒప్పుకోలేను. స్వస్థత కోసం రోజూ మోకరిస్తున్నాను. అది వచ్చేదాకా శాంతి కూడా రాదంటే మేం ఎలా బతకాలి?

16 ఏప్రిల్, రాత్రి

దాహం మాట యోహాను ఒక్కడే రాశాడు, 19వ అధ్యాయంలో. 4వ అధ్యాయంలో బావి దగ్గర సమరయ స్త్రీని నీళ్లడిగిందీ ఈ ప్రభువే. జీవజలం ఇస్తానన్న ఆ నోరే కొరడా దెబ్బలకు రక్తం పోయి ఎండిపోయింది. సిలువ వేసేముందు బోళం కలిపిన ద్రాక్షారసం ఇస్తే పుచ్చుకోలేదని మార్కు రాశాడు. బాధ మొద్దుబారడం ఆయనకి అక్కర్లేదు. చివర చిరక మాత్రం పుచ్చుకున్నాడు, దాహంతో.

మా ఇంట్లో ఆ సీసా చుట్టూ జరిగేదంతా ప్రభువు ఒంటిమీద జరిగింది. ఇది చదివాక గుండెలో ఏదో కుదుటపడింది. చాలా కాలానికి ఏడవకుండా ప్రార్థన చేశాను.

18 ఏప్రిల్, మంచి శుక్రవారం

ఐదో మాట చెప్పేటప్పుడు సీసా సంగతి చెప్పనా అని మా ఆయన్నే అడిగాను. "చెప్పు, నాకేం సిగ్గు" అన్నారు. చెప్పాను. గొంతు వణకలేదు. ఆ పెద్దమ్మ సాయంత్రం వచ్చి ఆయన పక్కన చాలాసేపు కూర్చుంది. ఈసారి మిషను మాట ఎత్తలేదు.

19 ఏప్రిల్

డయాలసిస్ అయింది. దారిలో మళ్లీ నీళ్లడిగారు. లేదన్నాను. కష్టంగానే ఉంది, కానీ దేవుడి మీద కోపం రాలేదు. రేపు తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధనకి తనూ వస్తానంటున్నారు. ఆటో మాట్లాడాలి.