కె.సి. కాలువ వెంట క్రిస్మస్ పాటలు



డిసెంబరు నెల వచ్చినదంటే మన సంఘములలో పండుగతోపాటు ఒక చిన్న తగవు కూడ వస్తుంది. ఇంగ్లీషు పాటలు పాడవలెనా, వద్దా? పెద్దలు మనకు కీర్తనలు చాలునంటారు. హైదరాబాదు, బెంగళూరు చదువులనుండి సెలవులకు వచ్చిన పిల్లలు గిటారు పట్టుకొని ఇంగ్లీషు పాటలు మొదలుపెడతారు. రెండేండ్ల క్రిందట మేము ఈ తగవును ఒక్క మాటతో తేల్చివేశాము. "మన మందిరములో మన భాషలోనే పాడాలి" అన్నాము. మాట బాగానే ఉన్నది. కాని ఆ క్రిస్మస్ రాత్రి ఆరాధనలో వెనుక వరుస ఖాళీగా ఉన్నది. పిల్లలు రాలేదు. ఆ ఖాళీ చోటు మమ్మును చాల దినములు బాధించినది.

అందువలన మరుసటి అడ్వెంటు కాలములో ఆ పిల్లలనే పిలిచి, "పాటలు మీరు ఎంచండి, మీ వెంట మేము వస్తాము" అన్నాము. కర్నూలునుండి కడపవరకు, తెలిసిన కుటుంబములను, చిన్న సంఘములను దర్శించుచు మూడు దినముల ప్రయాణము. ఒక వ్యాను, ఎనిమిదిమంది పిల్లలు, ఒక గిటారు, మా ఇంటివారు కట్టి ఇచ్చిన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. ఇంతే మా సామాను.

తెల్లవారుజామున కర్నూలు విడిచాము. ఊరికి ఎగువన సుంకేసుల వద్ద తుంగభద్రనుండి బయలుదేరే కె.సి. కాలువ నంద్యాల మీదుగా కడపవరకు పోతుంది. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ అనే ఇంగ్లీషు కంపెనీ 1860వ దశకములో దీనిని త్రవ్వించినది. పడవలు నడపవలెనని కూడ వారి ఆశ. కంపెనీ నష్టపోగా 1882లో ప్రభుత్వము కాలువను తీసుకొన్నది. ఈ సంగతి పిల్లలకు చెప్పగా ఒక అబ్బాయి, "అయ్యగారూ, ఇంగ్లీషువాళ్ళు త్రవ్వించిన కాలువ నీళ్ళు త్రాగవచ్చును గాని, వాళ్ళ పాట పాడగూడదా?" అన్నాడు. అందరు నవ్వారు. మేమూ నవ్వాము. కాని ఆ ప్రశ్న దారి పొడుగునా మాతోనే వచ్చినది.

మొదటి రాత్రి నంద్యాలలో ఒక విశ్వాసి ఇంట పాడుచుండగా కరెంటు పోయినది. కీబోర్డు లేదు, మైకు లేదు. గిటారుతో 'సైలెంట్ నైట్' పాడారు. అసలు ఆ పాట పుట్టినది కూడ ఈలాగే. ఆస్ట్రియా దేశములో ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊరిలో 1818 డిసెంబరు 24 రాత్రి, మాటలు వ్రాసిన జోసెఫ్ మోర్ అనే యువ పాదిరియు, రాగము కట్టిన ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులును గిటారుతో దానిని మొదటిసారి పాడారు. అది ఇంగ్లీషు పాట కానే కాదు, జర్మను పాట. 1859లో ఇంగ్లీషులోనికి వచ్చినది, తరువాత మన తెలుగులోనికి వచ్చినది. చీకటిలో ఆ ఇంటి పెద్దాయన తెలుగు మాటలు ఎత్తుకొన్నాడు, పిల్లలు ఇంగ్లీషులోనే సాగించారు. రెండు భాషలు ఒకే రాగములో కలిసిపోయినవి. మా తగవు ఎంత చిన్నదో అక్కడ మాకు మొదటిసారి తోచినది.

మరునాడు ఆళ్ళగడ్డ దారి పట్టాము. తూర్పున నల్లమల కొండలు, ఇరుప్రక్కల నల్లరేగడి. కాలువ తడి అందని చేలలో శనగ పైరు పచ్చగా ఉన్నది. ఒక పల్లెలో పిల్లలు ఉత్సాహముగా చలికాలపు పాటలు పాడారు. ఒకటి మంచులో బండి పోయే పాట, మరొకటి తెల్లని మంచు కురిసే క్రిస్మస్ పాట. పాట అయిపోగానే ఒక అవ్వ లేచినది.

"నాయనా, పాట బాగుండాది. ఏమి చెప్పినారో మాత్రం నాకు తెలీలేదు. ఆ స్నో అంటే ఏంది?"

పిల్లలు ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నారు. చివరకు ఒక అమ్మాయి, "మంచు అవ్వా" అన్నది.

"మంచా? మన శనగ చేనిమీద పడేదేనా? అట్లయితే మంచిదేలే. దాని మీదనే గదా మన పంట!"

రేగడిలో దాగిన పదునుకు రాత్రి కురిసే మంచు తోడైతేనే ఇక్కడ శనగ పండుతుంది. చలిదేశములలో మంచు పొలమును కప్పివేసి పనులు ఆపివేస్తుంది. మన సీమలో మంచు గింజకు ప్రాణము పోస్తుంది. ఒక్క మాటలో ఇంత భేదమున్నది. ఆ అవ్వ అడుగకపోతే మేము ఎన్నడును ఆలోచించి యుండము. పిల్లలు పాడినది తప్పు కాదు, మేము వద్దన్నదీ పూర్తిగా ఒప్పు కాదు. అర్థము చెప్పకుండ పాడడమే లోపము. ఆనాటినుండి ప్రతి పాటకు ముందు రెండు మాటలు తెలుగులో చెప్పవలెనని తీర్మానించుకొన్నాము.

ఇంకొక వింత వినండి. ఆ మంచు పాటలలో కొన్ని ఎండలోనే పుట్టినవి. 'లెట్ ఇట్ స్నో' అనే పాటను 1945 జూలైలో హాలీవుడ్‌లో చెమటలు కారే ఎండలో వ్రాశారు. 1942 నాటి 'హాలిడే ఇన్' చిత్రములోని 'వైట్ క్రిస్మస్' పాటకు ఇర్వింగ్ బెర్లిన్ వ్రాసిన తొలి చరణములో కాలిఫోర్నియా ఎండలో ఉండి మంచుకొరకు బెంగపడే మనిషి ఉన్నాడు. 1857లో అచ్చయిన 'జింగిల్ బెల్స్' పాటలో క్రిస్మస్ అను మాటే లేదు, ప్రభువు పేరూ లేదు. ఇవి ఇంట్లో పిల్లలతో చప్పట్లు కొట్టి పాడుకొనుటకు బాగుంటవి. ఆరాధనలో పాడవలసినవి వేరు.

ఆ సాయంత్రము మైదుకూరు చేరకమునుపే చీకటి పడినది. దారి ప్రక్క పొలములో ఎరువుకొరకు గొఱ్ఱెల మంద కట్టి ఉన్నారు. గొంగడి కప్పుకొని ఇద్దరు కాపరులు మంట దగ్గర కూర్చున్నారు. బేత్లెహేము పొలములో ఆ రాత్రి ఉన్నది ఈలాటివారే గదా! పిల్లలు వ్యాను దిగి, "పాట పాడుదుమా?" అని అడిగారు. పెద్ద కాపరి, "పాడండి గాని మెల్లగా పాడండి. గొర్రెలు బెదురుతాయి" అన్నాడు. గిటారు వ్యానులోనే ఉంచి, 'ఇన్ ద బ్లీక్ మిడ్‌వింటర్' పాడారు. క్రిస్టీనా రోసెట్టి అనే కవయిత్రి వ్రాసిన ఈ పద్యము 1872లో అచ్చయినది. గుస్తావ్ హోల్స్ట్ కట్టిన రాగము 1906లో వెలువడినది. నేల గట్టిపడిన చలిలో ప్రభువు పుట్టాడనియు, బీదవాడు ఆయనకు ఏమి ఈయగలడనియు ఆ పాట అడుగుతుంది. కాపరినైతే గొఱ్ఱెపిల్లను ఇచ్చేవాడిననే తలంపు అక్కడ వస్తుంది. ఆ సంగతి తెలుగులో చెప్పగానే చిన్న కాపరి ఒళ్ళో ఉన్న పిల్లను నిమిరి, "ఇచ్చేది కష్టమే సామీ" అన్నాడు. మేము ఎన్నో క్రిస్మస్ ప్రసంగములు చేశాము. కానుక అంటే ఏమిటో ఇంత సూటిగా ఎన్నడూ చెప్పలేదు.

బేత్లెహేము కూడ రాతి కొండలమీద సుమారు 775 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. దాని తూర్పున యూదయ అరణ్యము, మన సీమవలె ఎండిన నేల. అక్కడ మంచు ఎప్పుడో ఒకసారి పడుతుంది. 147వ కీర్తనలో హిమమును గొఱ్ఱెబొచ్చుతో పోల్చినాడు భక్తుడు. గొంగడి నేసే సీమవారికి ఆ పోలిక వివరించనక్కరలేదు.

మూడవ దినమున కడప చేరాము. 1822నుండి లండన్ మిషనువారు పనిచేసిన ఊరు ఇది. చలికి నాపరాళ్ళ నేల పాదములను జిల్లుమనిపిస్తుండగా 'జాయ్ టు ద వరల్డ్' పాడాము. 1719లో ఐజాక్ వాట్స్ దీనిని 98వ కీర్తన ఆధారముగా వ్రాశాడు. ఇందులో పశువుల తొట్టి లేదు, కాపరులు లేరు. పొలములు, బండలు, కొండలు సంతోషించుట ఉన్నది. బండలు, కొండలు తప్ప ఏమున్నదని మన సీమను ఎగతాళి చేసేవారికి ఈ పాటే జవాబు.

మీ ఇంట్లో, సంఘములో ఈ యేడు నేర్చుకొనుటకు పైవాటితోపాటు మరి మూడు చెప్పుతాము. 1739లో చార్లెస్ వెస్లీ వ్రాసిన 'హార్క్ ద హెరాల్డ్ ఏంజెల్స్ సింగ్' సిద్ధాంతమంతయు ఇమిడిన పాట. 'ఓ లిటిల్ టౌన్ ఆఫ్ బెత్లెహేమ్' వ్రాసిన ఫిలిప్స్ బ్రూక్స్ కూడ పాస్టరే. 1865లో బేత్లెహేమును కన్నులార చూచి, మూడేండ్ల తరువాత తన సండేస్కూలు పిల్లలకొరకు వ్రాశాడు. మంచులో బీదవానికి కట్టెలు, భోజనము మోసికొనిపోయిన రాజు కథ 'గుడ్ కింగ్ వెన్సెస్లాస్'. జాన్ మేసన్ నీల్ దానిని 1853లో వెలువరించాడు. అది పాడిన దినమున ఒక బీద ఇంటికి బియ్యమైనను తీసికొనిపోండి. రాగములు సెల్‌ఫోనులోనే దొరుకును. ముందు వినండి, అర్థము చెప్పుకొనండి, ఆ తరువాత పాడండి. ఒక చరణము ఇంగ్లీషులో, ఒకటి తెలుగులో పాడితే అవ్వలు, మనుమలు ఇద్దరూ నిలుస్తారు.

ఆ క్రిస్మస్ రాత్రి మా మందిరములో వెనుక వరుస మరల ఖాళీగానే ఉన్నది. పిల్లలందరు ముందు వరుసలో అవ్వల ప్రక్కన కూర్చున్నారు! కాలువను ఎవరు త్రవ్వించారని చివరి మడికట్టు రైతు అడుగడు, నీరు తన చేనికి చేరినదా అనే చూస్తాడు. మన పాట కూడ చివరి వరుసవరకు చేరవలెను. అట్టి కృప ప్రభువు మీ సంఘములకు, గృహములకు దయచేయును గాక. ఆమేన్.