చాంగీ విమానాశ్రయము – మైళ్ల పుణ్యము

సింగపూరు ద్వీపమునకు తూర్పుకొనయందు చాంగీ విమానాశ్రయము గలదు. సముద్రమును పూడ్చి సంపాదించిన నేలపై చాలభాగము నిర్మింపబడి, 1981 లో ప్రయాణికులకు తెఱవబడినది. 2019 లో దానిచెంత వెలసిన జ్యూయెల్ అను గాజుమందిరములో 40 మీటర్ల యెత్తునుండి జలపాతము దుముకుచుండును. మూడవ టెర్మినల్‌లో సీతాకోకచిలుకల తోట యొకటి గలదు. గత వేసవి సెలవులలో మా చెల్లెలి యింటికేగినప్పుడు మేమీ వింతలన్నియు చూచితిమి. అయినను మా మనస్సున నిలిచినది అచ్చట విన్న మైళ్ల లెక్కయే.

తఱచుగా ప్రయాణించువారి పేర విమాన కంపెనీలవారు మైళ్ల పద్దు వ్రాయుదురు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారు 1981 లోనే ఇట్టి పద్ధతి నారంభించిరి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారి క్రిస్‌ఫ్లయర్ 1999 లో మొదలైనది. ఇందు పద్దులు రెండు. ఒకదానిలోని మైళ్లతో టిక్కెట్టు పొందవచ్చును. రెండవది హోదా కొఱకు. 12 నెలలలో 25,000 మైళ్లు కూడిన సిల్వర్, 50,000 కూడిన గోల్డ్ హోదా లభించును. గోల్డ్ వారికి ప్రత్యేక విశ్రాంతిశాల, ముందుగా విమాన మెక్కు హక్కు, 20 కిలోల అదనపు సామాను అను సౌకర్యములు గలవు. అయితే ఏటేట ఆ లెక్కను మరల పూరింపవలెను. లేకున్న మెట్టు దిగవలెను.

పుణ్యము తఱిగి స్వర్గమునుండి జాఱిన యయాతి మహారాజు మాకు జ్ఞప్తికి వచ్చెను. ఆయనకు దౌహిత్రులు తమ పుణ్యము ధారవోసిరి. ఈ హోదా పద్దులో ఒకరి మైళ్లు మఱియొకరి కియ్య వీలులేదు.

మా మరిదిగారు ఉద్యోగరీత్యా దేశములు తిరుగుచుందురు. ఆ యేడు తిరుగుడు తగ్గుటచే గడువునాటికి 3,000 మైళ్లు తక్కువపడునట్లుండెను. "శనివారము ఏదో యొక ఊరికెగిరి ఆదివారము తిరిగి రమ్ము, విమానాశ్రయము దాట నక్కఱలేదు" అని స్నేహితులు బోధించిరి. ఇట్టి ప్రయాణమునకు మైలేజ్ రన్ అని పేరట! అది విని మా చెల్లెలు, "అత్తయ్యగారిని చూచి రెండేండ్లాయెను. సెలవు దొరకదంటిరి. మైళ్లకు మాత్రము దొరికినదా?" అని మెల్లగా ననెను. మరిదిగారు చాలసేపు మాటాడలేదు.

సింగపూరునుండి హైదరాబాదు సుమారు 2,000 మైళ్లు; రాకపోకలకు 4,000. చౌక టిక్కెట్లకు మైళ్లు తక్కువ వ్రాయుదురు గనుక తరగతి చూచి కొని, మరిదిగారు నల్లగొండలోని తల్లికడ కేగిరి. ఆమెకు కంటిలో శుక్లము ముదిరి, గోడ పట్టుకొని నడచుచుండెనట. ఆ సంగతి ఫోనులో నెన్నడును చెప్పలేదు. ఆయన పదిదినములుండి శస్త్రచికిత్స చేయించి వచ్చిరి. మైళ్లును నిండినవి; కాని ఇంట ఎవ్వరును ఆ మాట యెత్తలేదు.

సోదరీమణులారా! మన యిండ్లలోను నేడిట్టి పద్దులున్నవి. గడువు సమీపించినప్పుడు భర్తతో కూర్చుండి లెక్క వేయుడు. రాబోవు యేడు నిశ్చయముగా ఎన్ని ప్రయాణములు గలవు? అన్నిమాఱులు ఆ భోజనమును, ఆ 20 కిలోలును సొమ్మిచ్చి కొన్న నెంత యగును? వట్టి ప్రయాణమున కెంత? రెండవది హెచ్చైనచో మెట్టు దిగుటయే మేలు. వెళ్లవలసిన చోటు నిజముగా నున్నచో, మైళ్లు లేకున్నను వెళ్లుడు. గోల్డ్ వారును, తక్కినవారును ఒక్క విమానముననే దిగుదురు గదా!